చెయ్యి బాగైందా?

మూడేళ్లుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే.

గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతుంటే అడుగుతారు. కూరగాయల మార్కెట్‌లో అడుగుతారు. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేయకముందే అడుగుతారు. అడిగేవాళ్లది అభిమానమే. ఇబ్బందల్లా జవాబుతోనే. ‘బాగైంది’ అంటే పూర్తి నిజం కాదు. ‘కాలేదు’ అంటే అబద్ధం. ‘కొంత అయింది, కొంత కాలేదు’ అన్నానో, ఆపరేషన్ పాడైందనుకుని జాలిపడతారు. అందుకే తీరిగ్గా కూర్చుని జవాబు రాద్దామనుకున్నాను. రాస్తున్నదీ ఆ చేత్తోనే.

మా ఊరి పేరులోనే గని ఉంది. 1960లలో ఇక్కడ బొగ్గుబాయిలు తెరుచుకున్నాక చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా బాపు కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మసూ పట్టుకుని టబ్బులు నింపిన తరం ఆయనది. నేను వచ్చేసరికి బొగ్గు ఎత్తే పని యంత్రాలకు పోయింది. ఆ యంత్రాలు ఆగిపోతే బాగుచేసే ఫిట్టర్‌ని నేను. పానా, సుత్తి, చైన్‌బ్లాకు... ఇవే నా పనిముట్లు. పానా మీద బలం వేసేది భుజమే. కానీ ఆ బలం ఇనుము దాకా చేరాలంటే మణికట్టు దాటే వెళ్లాలి. ఈ సంగతి నాకు మణికట్టు చెడిపోయాకే తెలిసింది.

బెణికిందనుకున్నాం

2021 వానాకాలం. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి బండి మీద ఇంటికొస్తున్నాను. గల్లీ మలుపులో కుక్క అడ్డొచ్చింది. బ్రేకు కొట్టాను, బండి జారింది. పడుతూ పడుతూ కుడి అరచెయ్యి నేలకు ఆనించాను. పడేటప్పుడు ఎవరైనా అదే చేస్తారు. మొహాన్ని కాపాడుకోవడానికి మనం చెప్పకుండానే చెయ్యి ముందుకు పోతుంది.

హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. మోకాలు గీరుకుపోయింది. మణికట్టు మాత్రం పొద్దున్నకి బన్ను రొట్టెలా ఉబ్బింది. ఎక్స్‌రే తీయించాం. ‘ఎముక విరగలేదు’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరం తేలికపడ్డాం. అమ్మ వెళ్లి గుళ్లో కొబ్బరికాయ కొట్టొచ్చింది. ‘నొప్పి తగ్గకపోతే రెండు వారాల్లో మళ్లీ చూపించుకోండి’ అన్న మాట మాత్రం మాకెవరికీ గుర్తులేదు. తప్పు ఎవరి మీదో వేయడానికి లేదు. నాదే.

నూనె మర్దన అయింది. పసరు కట్టు అయింది. మందుల దుకాణంలో దొరికే క్రేప్ బ్యాండేజీ అయింది. నెల తిరిగేసరికి వాపు తీసింది, డ్యూటీ ఎక్కాను. అక్కడి నుంచి నాలుగు నెలలు చేతిని బుజ్జగిస్తూ నెట్టుకొచ్చాను. పానా తిప్పుతుంటే మణికట్టులో ‘టక్’మని ఏదో జరిగిన చప్పుడు. తడిబట్టలు పిండితే బొటనవేలి వైపు, చేతి వెనక, సూది గుచ్చిన నొప్పి. నీళ్ల బకెట్ ఎడమ చేతికి మారింది. చపాతీల పిండి పిసకడం, అది మా ఇంట్లో నా పనే లెండి, మళ్లీ మా ఆవిడ నెత్తిన పడింది.

ఒక రోజు బాయిలో ఒక పంపును ఇద్దరం కలిసి మోస్తున్నాం. ఏ హెచ్చరికా లేకుండా నా పట్టు వదిలేసింది. రెండో కొస పట్టుకున్న కుర్రాడి పాదానికి జానెడు దూరంలో పడింది పంపు. వాడు అరవలేదు, తిట్టలేదు. కాసేపటికి నెమ్మదిగా, ‘అన్నా, ఆ చెయ్యి జర సూపించుకోరాదే’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చెయ్యి నొప్పి పుడితే నేను ఓర్చుకుంటాను. నా చెయ్యి వదిలేస్తే ఇంకొకడి కాలు పోతుంది.

కాడి తెగిన ఎడ్లు

కరీంనగర్‌లో ఎముకల డాక్టరు చూసి, ‘చేతి సర్జన్ దగ్గరికి వెళ్లండి’ అన్నారు. చేతికి విడిగా సర్జన్లు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. రామగుండం స్టేషన్‌లో భాగ్యనగర్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాం. బాపు కూడా వస్తానన్నాడు. వద్దంటే వినలేదు.

మణికట్టు అనగానే మనకు అజారుద్దీన్, లక్ష్మణ్ గుర్తొస్తారు. అంత సొగసుగా తిరిగే ఆ చోట ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. బొటనవేలి వైపున్నది స్కాఫాయిడ్. గ్రీకు భాషలో పడవ అనే మాట నుంచి వచ్చిన పేరు. దాని పక్కన లూనేట్, అంటే చంద్రవంక. ఈ రెంటినీ కలిపి కట్టి ఉంచే పట్టీయే లిగమెంటు. వేళ్లు కదిలించే కండరాల తాళ్లన్నీ ఈ ఎముకల పక్క నుంచే వెళ్తాయి. పిడికిలి బిగించినప్పుడల్లా ఆ ఒత్తిడి వాటి మీద పడుతుంది. లిగమెంటు తెగితే పడవ ముందుకు ఒరుగుతుంది, చంద్రవంక వెనక్కి వాలుతుంది. బాపు వెంటనే అందుకున్నాడు. ‘కాడి తెగిన ఎడ్ల లెక్కనా సారూ?’ డాక్టరు నవ్వి, ‘నేను ఇంతసేపు చెప్పింది అదే పెద్దాయనా’ అన్నారు.

అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు లిన్‌షీడ్, డాబిన్స్, వాళ్ల సహచరులు 1972లో ఈ రకం దెబ్బల్ని విడమరిచి రాశారట. ఎముక విరగకుండానే మణికట్టు స్థిరత్వం పోవచ్చని వైద్యలోకం గట్టిగా పట్టించుకోవడం మొదలైంది అప్పటి నుంచే.

మరి మొదటి ఎక్స్‌రేలో ఎందుకు కనబడలేదు? చెయ్యి వదులుగా పరిచి తీస్తే కొందరిలో ఎముకల మధ్య సందు బయటపడదు. ఈసారి పిడికిలి బిగించమని తీశారు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాకే తెలిసిపోయింది. కుడిచేతిలో రెండు ఎముకల మధ్య వెలుతురు కనిపిస్తోంది. ఆ ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలట. దీనికి డాక్టర్లు పెట్టుకున్న ముద్దుపేరు టెర్రీ థామస్ గుర్తు. ముందుపళ్ల మధ్య పెద్ద సందు ఉన్న ఒకప్పటి ఇంగ్లిష్ హాస్యనటుడి పేరది. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

‘పడ్డ మొదటి వారాల్లో వచ్చి ఉంటే తెగిన లిగమెంటునే తిరిగి కుట్టే వీలుండేది. ఇప్పుడు కొసలు ముడుచుకుపోయి ఉంటాయి. కొత్తగా కట్టుకోవాల్సిందే’ అన్నారు.

బాపు చెయ్యి

లేవబోతుంటే బాపు తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. ‘ఇది గూడ జర సూస్తరా సారూ. కబడ్డీల పడ్డప్పటి సంది గిట్లనే ఉన్నది.’

నాకు తెలియదు. నేను పుట్టకముందు ఒక దసరాకు ఊళ్లో కబడ్డీ ఆడుతూ చెయ్యి ఆనించి పడ్డాడట. కొన్నాళ్లు కట్టు కట్టుకుని బాయికి పోయాడట. అంతే. ఆయన చేతికి ఎప్పుడూ నల్లగుడ్డ చుట్టి ఉండేది. దిష్టికేమో అనుకునేవాణ్ని. నన్ను ఎత్తుకున్నా, సైకిల్ ఎత్తినా, బియ్యం బస్తా లాగినా ఎడమ చేత్తోనే. మా బాపుది ఎడమ చేతి వాటం అని బడిలో స్నేహితులకు చెప్పుకున్నాను కూడా. అన్నం కుడిచేత్తో తినే మనిషికి పని ఎడమ చేతి వాటం ఎలా అయిందో నలభై ఏళ్లు వచ్చినా ఆలోచించలేదు.

ఆయన ఎక్స్‌రే చూడటానికి డాక్టరు అక్కర్లేదు. ముంజేతి ఎముకకూ స్కాఫాయిడ్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీయే లేదు. అక్కడి మృదులాస్థి మొత్తం అరిగిపోయింది. కాడి తెగిన ఎముకలు ఏళ్ల తరబడి వంకరగా రాసుకుంటే జరిగేది ఇదేనట. ఆ అరుగుదల ఏ వరసలో సాగుతుందో వాట్సన్, బాలెట్ అనే ఇద్దరు డాక్టర్లు 1984లోనే వివరించారు. ‘మీ అబ్బాయికి చేసే ఆపరేషన్ మీకు పనికిరాదు. అరిగిన కీలుకి కొత్త తాడు కట్టి లాభం లేదు. కొన్ని ఎముకలు తీసేయడమో, అతికించేయడమో చేస్తే నొప్పి తగ్గుతుంది’ అన్నారు.

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ‘నా చెయ్యికి ఇగ డ్యూటీ లేదు సారూ. పిలగానిది సూడుండ్రి.’

తిరుగు రైల్లో అడిగాను, ‘ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు బాపూ?’ కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు. ‘బాయిల ఎవలకు గుంజలేదు రా చేతులు? అందరికున్నట్టే నాకున్నదనుకున్న.’

మూడింటిలో ఏది కావాలి?

ఆపరేషన్‌కు ముందు డాక్టరు నన్నొక ప్రశ్న అడిగారు. ‘నొప్పి తగ్గడం, పట్టు రావడం, చెయ్యి వంగడం. ఈ మూడింటిలో నీకేది ముఖ్యం?’ మూడూ అన్నాను. ‘మూడూ నూటికి నూరుపాళ్లు ఇచ్చే ఆపరేషన్ ఇంకా రాలేదు’ అన్నారు.

చేసే పని ఇదీ. ముంజేతిలో మణికట్టును ముందుకు వంచే ఒక కండరం ఉంటుంది. దాని తాడులోంచి సన్నని పాయ ఒకటి చీలుస్తారు. స్కాఫాయిడ్‌కి చిన్న రంధ్రం చేసి ఆ పాయను దాంట్లోంచి చేతి వెనక్కి లాగి, లూనేట్‌కి బిగిస్తారు. ఒరిగిపోయిన పడవను నిలబెట్టి చంద్రవంకకు కట్టేయడమన్నమాట. ఇటలీకి చెందిన బ్రూనెల్లి 1995లో చూపిన దారి ఇది. తర్వాత దాన్ని ఇంకా మెరుగుపరిచారు. ఒకచోటి తాడును ఇంకోచోట పనికి పెట్టడం మనకు మరీ కొత్తేమీ కాదు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లోనే కుష్ఠువ్యాధితో వంకరపోయిన వేళ్లకు ఇలా తాళ్లు మార్చి, ఎందరికో మళ్లీ చేతులతో పనిచేసుకునే వీలు కల్పించారు.

ఫలితాల మాటా దాచకుండా చెప్పారు. బార్సిలోనాకు చెందిన గార్సియా ఎలియాస్, ఆయన సహచరులు ఈ పద్ధతిలో ఆపరేషన్ చేసిన 38 మంది వివరాలను 2006లో ప్రచురించారు. సగటున దాదాపు నాలుగేళ్లు గమనించారు. 28 మందికి నొప్పి పోయింది. 8 మందికి బరువు పని చేస్తే కొద్దిగా నొప్పి. ఇద్దరికి రోజువారీ పనుల్లోనూ నొప్పే. చెయ్యి వంగడం రెండో చేతితో పోలిస్తే నాలుగింట మూడొంతులు. పట్టు 65 శాతం. 29 మంది పాత పనుల్లోకి వెళ్లగలిగారు. ఏడుగురిలో కొద్దిపాటి అరుగుదల కనిపించింది.

ఆ అంకెలు నేను చీటీ మీద రాసుకున్నాను. రైల్లో నాలుగుసార్లు చదివాను. మా ఆవిడ ఆ చీటీ తీసుకుని, ‘29 మంది పోయిండ్రు గదా పనికి’ అంది. నాకు మాత్రం మిగతా 9 మందే కనిపిస్తున్నారు.

గోల్ఫ్ ఆడగలరా?

2022 ఎండాకాలంలో ఆపరేషన్ జరిగింది. ఎముకలు కదలకుండా లోపల సన్నటి తీగలు, పైన పట్టీ. ఎనిమిది వారాల తర్వాత తీగలు తీశారు. బయటపడ్డ చెయ్యి నాది కాదనిపించింది. ఎండిన తుమ్మ కట్టెలా సన్నగా, బిర్రుగా ఉంది. చాయ్ గ్లాసు ఎత్తడానికి చెమటలు పట్టాయి.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి మా చెల్లెలి వయసుది. మొదట అటూఇటూ కాకుండా ఏటవాలుగా, మేకు మీద సుత్తి వేసినట్టు చెయ్యి ఆడించమంది. ఆ దిశలో కదిలితే కట్టిన ఎముకల మీద ఒత్తిడి తక్కువట. సుత్తి వేయడం నాకు కొత్తా? మూడు నెలల్లో మొదటిసారి నాకు తెలిసిన పని ఒకటి దొరికినట్టయింది.

అప్పుడప్పుడూ ఒక ప్రశ్నపత్రం నింపించేది. చేతి ఇబ్బందులు కొలవడానికి ప్రపంచమంతా వాడే 30 ప్రశ్నలు. తాళం తిప్పగలరా? బిగుసుకున్న సీసా మూత తీయగలరా? బరువైన తలుపు తోయగలరా? మధ్యలో, గోల్ఫ్, టెన్నిస్ లాంటివి ఆడగలరా అని కూడా ఉంది. ఆ అమ్మాయి చదువుతూ తనే నవ్వేసింది. ‘అన్నా, దీన్ని సుత్తి అనుకోండి.’

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ మా ఇంటికి సరిపోయే ప్రశ్నలు తయారుచేసింది. దుప్పటి పిండగలవా? గ్యాస్ సిలిండర్ జరపగలవా? పీటల మీది నుంచి చెయ్యి ఆనించి లేవగలవా? సర్వపిండి గిన్నెకు ఒత్తగలవా? బాపును మంచం మీది నుంచి లేపగలవా?

ఏడాదికి వచ్చిన మార్కులివి. పట్టు కొలిచే పరికరం నొక్కితే ఎడమ చేతికి 42 కిలోలు, కుడిచేతికి 28. అంటే మూడింట రెండొంతులు. టక్‌మనే చప్పుడు పోయింది. మామూలు రోజుల్లో నొప్పి లేదు. చలికాలం పొద్దున్నే, సిలిండర్ మోసిన సాయంత్రం ఉంటుంది. చెయ్యి వెనక్కి మునుపటంత వంగదు. నేల మీద అరచెయ్యి ఆనించి లేవలేను, పిడికిలి ఆనించి లేస్తాను. నమస్కారం పెట్టాలంటే మోచేతులు కిందికి దించి పెట్టాలి. కొత్తవాళ్లకు అది మరీ వినయంగా కనిపిస్తుందని మా ఆవిడ వేళాకోళం.

2024లో తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు మళ్లీ కాస్త తెరుచుకుంది. నా గుండె జారింది. డాక్టరు మాత్రం నా చెయ్యి పట్టుకుని అటూఇటూ తిప్పి, ‘నొప్పి ఉందా? లేదు. పట్టు తగ్గిందా? లేదు. మరి ఎక్స్‌రే చూసి ఎందుకు భయపడతావు?’ అన్నారు. సందు కొంత తెరుచుకున్నా చెయ్యి చక్కగా పనిచేసేవాళ్లు ఉంటారట. మా బాపులా అరగదని హామీ ఇస్తారా అని అడిగాను. హామీ ఇవ్వలేదు. ‘ఏడాదికోసారి వచ్చి చూపించుకో’ అన్నారు.

ఎండ

ఆపరేషన్ అయిన ఆరు నెలలకు డ్యూటీలో చేరాను. అయితే బాయిలోకి కాదు. బరువులు వద్దన్నారు కాబట్టి పైన వర్క్‌షాపులో పని. ‘అదృష్టమంటే నీదే’ అన్నారు అందరూ. నాకు అలా అనిపించలేదు. టోపీకి దీపం పెట్టుకుని మావాళ్లు దిగిపోతుంటే నేను బెంచీ దగ్గర బేరింగులు కడుగుతూ నిలబడేవాణ్ని. జీతంలో భూగర్భ అలవెన్సు పోయింది. అంతకన్నా, ఎవరూ అనకపోయినా, పంపు వదిలేసినవాడు అన్న పేరు నాకు నేనే పెట్టుకున్నాను. ఆ 38 మంది లెక్కలో నేను 29లో ఉన్నానా, 9లో ఉన్నానా?

ఒక సాయంత్రం ఇదే బాపుతో అన్నాను. ఆయన నవ్వలేదు, ఓదార్చలేదు. ‘డ్యూటీల ఎండ సూస్తున్నవు గదా బిడ్డా’ అన్నాడు. ఆయన పనిచేసినన్నాళ్లూ అడగలేకపోయిన వరం అది. ఆ తర్వాత లెక్క అడగడం మానేశాను.

ఈ ఖనిలోనే కాదు, పొలంలో పడ్డవాళ్లూ, బాత్రూంలో జారినవాళ్లూ ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. చెయ్యి ఆనించి పడ్డాక ఎముక విరగలేదంటే సంతోషించండి. కానీ రెండు మూడు వారాలైనా మణికట్టు నొప్పి తగ్గకపోతే, పట్టు జారుతుంటే, టక్‌మంటుంటే బెణుకని సరిపెట్టుకోకండి. చేతి సర్జన్‌కు చూపించి, పిడికిలి బిగించి ఎక్స్‌రే అవసరమేమో అడగండి. తొందరగా వెళ్తే దారులు ఎక్కువ. ఆపరేషన్ దాకా వస్తే, ‘బాగవుతుందా’ అని ఒక్క ముక్కలో అడగొద్దు. మీ చెయ్యి చేయాల్సిన పనులేవో ఇంట్లోనే చీటీ మీద రాసుకెళ్లి, వాటిలో ఏవి తిరిగొస్తాయో ఒక్కొక్కటే అడగండి.

బాపు చెయ్యి ఇప్పుడు చాయ్ గ్లాసు కూడా గట్టిగా పట్టదు. వేళ్లలో వణుకు కూడా చేరింది. అందుకని ఆదివారం ఆదివారం ఆయన గడ్డం నేనే గీస్తాను. వాకిట్లో కుర్చీ వేసి, గడ్డం పైకెత్తి పట్టుకుని, దవడ మూల దగ్గర బ్లేడును మెల్లగా తిప్పాలి. ఆపరేషన్‌కు ముందైతే ఆ మలుపు దగ్గరే నా మణికట్టు టక్‌మనేది. ఇప్పుడు అనదు. మొత్తం అయ్యాక బాపు తన ఎడమ చేత్తో చెంపలు తడుముకుని చూసుకుంటాడు. ‘సాఫ్ వచ్చింది’ అంటాడు.

ఇక మీదట చౌరస్తాలో ఎవరైనా ‘చెయ్యి బాగైందా?’ అంటే ఈ సంగతే చెబుతాను.